వంటగది గోడ పక్కకు జరిపిన మంచం

ఫ్లోరెన్స్,

నేను జీడి ఫ్యాక్టరీకి వెళ్తున్నాను, చీకటి పడేసరికి వస్తాను. అన్నం, చేపల పులుసు పొయ్యి మీద ఉన్నాయి, వేడి చేసుకో.

నీ మంచం వంటగది గోడ పక్కకు జరిపాను. పొయ్యి సెగకు ఆ గోడ వెచ్చగా ఉంటుంది. తుపానుకు విరిగిన కిటికీ రెక్క సంగతి మీ నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా రేపంటారు. అందుకని నేనే గోనెపట్టా అడ్డం పెట్టి మేకులు కొట్టాను. చలేస్తే కుంపటి వెలిగించుకో, అందులో కొబ్బరి చిప్పలే వెయ్యి. జీడి తొక్కలు వెయ్యకు, ఆ పొగకు కళ్ళు మండుతాయి. తలుపు కాస్త తీసి ఉంచు.

నిన్న మీ నాన్న పలాసలో కొత్త రగ్గు కొనుక్కొచ్చి, "ఆ పాత బొంత తీసీ, పిల్లకి ఇదెయ్యి" అన్నారు.

"అది ఆళ్ళమ్మ కుట్టింది, ఉండనియ్యండి" అన్నాను.

రెండూ మంచం మీదే ఉన్నాయి. బొంతను ఎండలో వేశాను. చిరిగిన అంచు ఒక్కటే కుట్టాను, ఇంకేమీ ముట్టుకోలేదు.

జీవరత్నం

ఇంకో మాట. పోయిన క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక రాత్రంతా చలికి వణికావట. నన్ను లేపుదామంటే ఏమని పిలవాలో తెలీలేదని మీ నాన్నతో అన్నావట. ఏమని పిలిచినా లేస్తాను. ఏ పిలుపూ నోటికి రాకపోతే తలుపు తట్టు.