పన్నెండు గడ్డిమేట్లు

నాన్నగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఆఫీసు పని మీద పారిస్ వచ్చి, ఇవాళ మ్యూజియంలో ఆ పేరుమోసిన గడ్డిమేట్ల బొమ్మలు చూశాను. ఆ చిత్రకారుడు అవే మేట్లని ఎండలో ఒకలా, మంచులో ఒకలా మళ్ళీ మళ్ళీ వేశాడు. జనం టికెట్టు కొని, నోరు మెదపకుండా చూస్తున్నారు.

గణపవరంలో మన చేలో మీరు చేసిందీ అదే. "ఒక్క గడ్డిమేటుని ఎన్నిసార్లు వేస్తారండీ అన్నయ్యా" అని బాబాయి నలుగురిలో నవ్వారని, మీరు పన్నెండు బొమ్మలూ అటకెక్కించేశారు.

ఒకటి చెప్పనా. ఈ చిత్రకారుడి మేట్లు మన తుఫానుకి ఒక పూట ఆగవు. మీరు బొమ్మలో కూడా గడ్డితాళ్ళు బిగించి, ఇటుకలు వేలాడగట్టారు.

ఆ చేనుని బాబాయి రొయ్యల చెరువు చేసేశారు. ఇంటికి రాగానే ఆ పన్నెండూ దింపి, ఆయన రోజూ కాఫీ తాగే మన హాల్లో వరసగా తగిలిస్తాను. ఎన్నిసార్లు నవ్వుతారో చూస్తాను.