సభలో చెప్పిన మాట

ఆవపల్లి,
బుధవారం

అమ్ముక్కా,

బచేలీ గని క్వార్టర్‌లో కూర్చుని ఇది చదువుతూ నన్ను తిట్టుకుంటావని తెలుసు. తిట్టు. నెల రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

పోయిన నెల నేను పాఠాలు చెప్పే ఊళ్లో గ్రామసభ పెట్టారు, గుట్టను గనికి ఇస్తారా అని అడగడానికి. బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన సాబ్‌కు దోర్లీ రాదు, ఊరివాళ్లకు హిందీ రాదు. నడుమ తర్జుమాకు నేను. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. ఒక్కొక్కరూ లేచి మాట చెప్పాలి. సభలో ఒకసారి చెప్పిన మాటను ఎవరూ మార్చరు, ఎవరూ అనుమానించరు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అందరూ ఇచ్చేది లేదనే చెప్పారు. సాబ్ మాత్రం అందరికీ సమ్మతమేనని హిందీలో రాసుకున్నాడు.

వేలిముద్ర వేసే ముందు కోసి అనే ముసలామె నన్ను అడిగింది.

"ఏం రాసిండు బిడ్డా?"

సాబ్ నా వైపు చూశాడు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా దాన్ని పొడిగించే సంతకం ఆయనదే. మీరు చెప్పిందే రాశారన్నాను. సభలో అన్నాను కదా, ఇంకెవరూ అడగలేదు. వరసగా వచ్చి వేళ్లు అద్దారు. సిగ్గుతో చచ్చిపోయానక్కా.

జరిగిందంతా రాసి నిన్న పై ఆఫీసుకు పంపాను. ఉద్యోగం పోతే పోనీ, గుట్ట మిగిలితే చాలు. నాన్నకు నువ్వే నచ్చచెప్పు.

నీ చెల్లెలు,
రాజ్యశ్రీ

*

ఆవపల్లి,
శనివారం

అక్కా,

నా ఫిర్యాదు మీద మూడు వారాలకు విచారణకు ఎవరొచ్చారనుకున్నావు? ఆ సాబే. కంచే చేను మేసిందని మొరపెట్టుకుంటే, విచారించమని కంచెకే అప్పగించారు. ఊళ్లో మళ్లీ సభ పెట్టించి, నాకు కుర్చీ వేయించి, నవ్వుతూ, తర్జుమా కూడా నన్నే చేయమన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు అబద్ధం చెప్పానని, కాగితంలో గుట్ట ఇచ్చేసినట్టు రాసి ఉందని దోర్లీలో చెప్పాను. తిడతారనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. కోసి నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఆ దినం మేం చెప్పింది రాసిండంటివి. ఈ దినం రాయలేదంటివి. రెండూ సభలనే అంటివి. ఏది నమ్మాలె బిడ్డా?"

ఆమె లేచింది. ఆమె వెనకే ఊరంతా లేచి వెళ్లిపోయింది.

సాబ్ కలం తీసి, ఫిర్యాదును ఊళ్లో ఒక్కరూ బలపరచలేదని రాశాడు. చదివి సంతకం చేయమన్నాడు. రెండుసార్లు చదివాను. ఈసారి ఆయన రాసింది నిజమేనక్కా.

సంతకం పెట్టాను.

రాజీ