నా చెయ్యి పోయే మూల

త్రివేణి బిడ్డకు, బోధన్ నుంచి బాపు రాసేది.

కంప్యూటర్ కొన్ననాడు నలుగుర్ల "ముట్టకు బాపు, ఖరాబైతది" అన్నవు. నువ్వు అత్తగారింటికి పోయినంక దాన్ని నేనే నడుపుతున్న, ఆ మాట మాత్రం మర్వలేదు.

ఇప్పుడు దాంట్ల విండోస్ పాతదైందట, కొత్తది ఈ డబ్బాల పట్టదట. దుకాన్ల పారెయ్యమన్నరు. మన గల్లీ మెకానిక్ అసద్ మాత్రం విండోస్ తీసి లినక్స్ ఏస్తె నడుస్తదని, రెండు రకాలు పెన్‌డ్రైవుల తెచ్చి సూపిచ్చిండు. నాకు ఇంగ్లీషు రాదు, జాగ గుర్తుపట్టి నొక్కుత. ఒకటి ఫెడోరా, దాంట్ల తెర కింద పట్టీనే లేదు, అలవాటుగ ఎడమ మూలకు పోయిన చెయ్యి ఉత్తగనే తిరిగొచ్చింది. రెండోది మింటు, దాంట్ల అదే మూలకు నొక్కంగనే పాతదాని లెక్కనే పట్టిక తెరుసుకుంది. "కాకా, నీకు గిదే మంచిది" అన్నడు. "నువ్వు చెప్పుడేంది, నా చెయ్యే చెప్పింది" అన్న.

కని అది ఏస్తె లోపలున్నదంత తుడుసుకపోతదట. కాలం జేసిన మీ అవ్వ, నా ఇంటిది, పాడిన బతుకమ్మ పాట దాంట్లనే ఉన్నది. రోజు తెర మీది బొమ్మ నొక్కి ఇంటున్న, అసలు పాట యాడ పెట్టినవో నాకెరుక లేదు. అసద్ ఎతుకుతనంటే "ముట్టకు" అన్న.

పిల్లకు దగ్గు తగ్గిందా? అల్లునికి బెల్లం తీసిపెట్టిన. అందరు సల్లగుండుండ్రి. ఫోన్ల నన్ను మాట్లాడనియ్యవు, అందుకే కార్డు. ఎప్పుడొస్తవో బేస్తారం లోపట జవాబు రావాలె. నిన్నొక్కదాన్నే ముట్టనిస్త.