ఖాళీ గుంజ

మదనపల్లె

విభాగాధిపతి గారికి నమస్కారం.

సెమీకండక్టర్ పేపర్లో బైరెడ్డిపల్లె గంగాదేవి జవాబుకు నేను సున్నా వేశాను. ఐదు మార్కులు కలపమని కోరుతున్నాను, లేకపోతే ఆమె ఫెయిలవుతుంది.

ఎలక్ట్రాన్లు ఒకవైపు పోతే అవి వదిలిన ఖాళీ, అంటే హోల్, ఎదురుదిశలో పోయినట్టు ఎందుకుంటుందన్నది ప్రశ్న. ఆమె పశువుల కొట్టం గీసింది. ఎగతాళి అనుకుని కొట్టేశాను.

నిన్న పిలిచి అడిగాను.

"ముందు గుంజకాడి ఆవుని అమ్మినాం మేడమ్. ఎనకది ఆడికి జరిగింది, దాని ఎనకది దాని తావుకి. ఆవులు ముందుకొస్తాంటే ఖాళీ గుంజ ఎనక్కి పోతాండాది. నిజానికి గుంజ యాడికీ పోలేదు కదా" అంది.

పద్దెనిమిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఇంత తేటగా ఒక్కసారైనా చెప్పానా అని అనుమానంగా ఉంది.

దయతలచి కలిపామని మాత్రం ఆమెతో అనకండి. మేడమే తప్పుగా దిద్దిందని చెప్పండి.

మీ సహాధ్యాపకురాలు