సముద్రంలోకి నేనే దిగాను

శనివారం రాత్రి. సావుసావు రేవు దాటాం, ఓడలోనే ఉన్నాం.

ఈ రోజు పగడాలు చూడడానికి సముద్రంలోకి దిగాను, అరవై మూడేళ్ళ వయసులో. చిన్న పడవలో గైడమ్మాయి ఊపిరి గొట్టాలున్న స్నోర్కెల్ మాస్కులు పంచుతూ నా దగ్గరికి రాగానే అన్నయ్య అడ్డం వచ్చాడు.

"చెల్లీ, ఈ ఉమర్‌లో నీకెందుకు? బైఠో ఇక్కడే. మనకు ఈత ఎక్కడ వచ్చు?"

"నీకు రాదన్నయ్యా. నాకు వచ్చు."

రెండేళ్ళుగా మా ఊరు సువాలో ఈత నేర్చుకుంటున్న సంగతి అతనికి చెప్పలేదు. మా ఆయన పోయాక నేనెక్కడ ఉండాలో, ఎవరింటికి వెళ్ళాలో అన్నీ అతనే తేలుస్తున్నాడు. ఇదొక్కటైనా నాది కావాలనుకున్నాను.

మాస్కు తగిలించుకుని సల్వార్ కమీజుతోనే దూకాను. ఉప్పునీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరయ్యాను. "పైకి రా!" అని అన్నయ్య అరిచాడు. నేను రాలేదు. మళ్ళీ తల ముంచాను. నీలం చేపలు నా వేళ్ళ పక్క నుంచే ఈదుకుంటూ పోయాయి.

పడవెక్కాక చూస్తే అన్నయ్య పడవ అంచును ఇంకా రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాడు. అంత భయపెట్టానా? ఇప్పుడు తలుచుకుంటే బాధగానే ఉంది. అయినా తప్పయిందని మాత్రం అనలేదు, అనను.

భోజనాల దగ్గర మెల్లగా అడిగాడు: "లోపల ఏం కనిపించింది?"

"దిగి చూడు," అన్నాను.