హఫ్సా గొంతు పోయిన రోజు

నల్గొండ,
ఆదివారం

బాపుకు,

నీ బిడ్డ సుమన దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో నీకు సరిగా వినపడదు, అందుకే ఆలంపూర్‌కు ఉత్తరం రాస్తున్నాను. మోకాలికి నూనె రాస్తున్నావా? దవాఖానకు పోవడం మాత్రం ఎగ్గొట్టకు.

పోయిన ఉత్తరంలో అడిగావు, "బీఎడ్ పిల్లలకు పాఠం చెప్పుడు ఎక్కువనా, గా పేపర్లు రాసుడు ఎక్కువనా?" అని. పేపర్లే బాపూ, పత్రికల్లో అచ్చయ్యే పరిశోధన పేపర్లు. పాఠం ఎంత బాగా చెప్పినా ప్రమోషన్ ఫారంలో దానికి గడి లేదు. మా బీఎడ్ కాలేజీ ప్రిన్సిపాల్ రామచంద్రం సార్ అందరి ముందే అంటాడు, "పాఠం ఎవలైనా చెప్తరమ్మా, పేపరేది?" నలభై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాడి బిడ్డను, ఆ మాట విని నవ్వి ఊరుకున్నాను. సిగ్గు లేదు నాకు.

అచ్చయిన నా పేపరు పంపమన్నావు, ఫ్రేము కూడా కొన్నానన్నావు. అందులో ఏముందో చెప్తాను. బీఎడ్ పిల్లలు బడిలో పాఠం చెప్తుంటే మేం వెనక బెంచీలో కూర్చుని చూసి, ఎలా చెప్పారో వాళ్ల రికార్డులో రాయాలి. అలా చూస్తే వాళ్లెంత మెరుగుపడతారన్నదే నా పరిశోధన. అది రాసే తొందరలో, వాళ్లు పాఠాలు చెప్పే పానగల్ బడికి నేను పోనేలేదు. ఇంట్లో కూర్చుని పన్నెండు మంది రికార్డులు నింపాను. వాటినే పేపరులో ఆధారంగా చూపాను.

మొన్న ఆ పన్నెండు మందిలో హఫ్సా అనే అమ్మాయి తన రికార్డు పట్టుకుని వచ్చింది. "మేడం, గొంతు స్పష్టంగ ఉన్నదని రాసిండ్రు. గా దినం నాకు గొంతే పోయింది. పాఠం మొత్తం సైగలతోని, బోర్డు మీద బొమ్మలతోని చెప్పిన. ఒక్క పోరడు గూడ కదలలే. మీరు చూస్తే మంచిగుండేది."

కోపంగా అన్నా బాగుండేది. మళ్లీ ఒకసారి చెప్పు, వచ్చి కూర్చుంటానన్నాను.

"ఇప్పుడు గొంతొచ్చింది గద మేడం" అంది.

పేపరు వెనక్కి తీసుకుంటున్నానని నిన్న దాన్ని అచ్చు వేసిన పత్రిక వాళ్లకు రాశాను. ప్రమోషన్ పోతుంది. "నీకేమన్న పిచ్చా అమ్మా? అందరు గట్లనే రాస్తున్నరు" అన్నాడు సార్. అదీ నిజమే. రేపు పొద్దున వెనక బెంచీలో కూర్చోవడానికి పానగల్ బస్సెక్కుతాను. నీ ముఖం ఎట్లా చూడాలో మాత్రం తెలియడం లేదు.

ఆ ఫ్రేము దుకాణంలో తిరిగి ఇచ్చెయ్ బాపూ.

ఇట్లు,
నీ బడిలోనే అక్షరాలు దిద్దిన బిడ్డ,
సుమన