మేకు మీద లేని కప్పు

సెప్టెంబర్ 19, శుక్రవారం

భారత గగనతలానికి, విమానం కనిపెట్టిన మహనీయుల ఆత్మలకు, నాకు ఏరోనాటిక్స్ నేర్పబోయి ఓడిపోయిన ఆరుగురు ప్రొఫెసర్లకు సాష్టాంగ నమస్కారం. ఈ పుటల్లో జరగబోయే అపచారాలన్నిటికీ ముందే క్షమాపణ. తప్పంతా పెన్నుది.

చరిత్ర కోసం వివరాలు: పేరు రఘునందన్. ఫరీదాబాద్ అవతల ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో ఆపరేషన్స్ అసిస్టెంట్. అంటే ఫైళ్ళు మోస్తాను, టీ చెబుతాను, విమానాలను దూరం నుంచి ప్రేమిస్తాను.

నిన్న ఉదయం 7:40కి మా రెండు సీట్ల ట్రైనింగ్ విమానం టేకాఫ్ అయింది. నిమిషంలోపే ఇంజిన్ ఆగి సజ్జచేలో దిగింది. దిగింది అనడం మర్యాద. ఒంటరిగా నడుపుతున్న పెర్సిస్‌కి కుడికాలు విరిగింది. ఇరవై ఏళ్ళ పిల్ల. బతికింది.

నేను చూడలేదు. నా డ్యూటీ తొమ్మిదికి.

సెప్టెంబర్ 20

ఢిల్లీ నుంచి దర్యాప్తు అధికారి శేషగిరి గారు వచ్చారు. నా తెలుగు వినగానే ఏ ఊరబ్బాయ్ మనది అన్నారు. ఢిల్లీ ద్వారకలో సెక్టార్ టెన్ అన్నాను. అదీ ఒక ఊరేనట్రా అన్నారు. కాగితాల పనికి నన్నే పెట్టుకున్నారు. దర్యాప్తులో నేనూ ఒక చెయ్యి. గర్వంగా ఉంది. ఉండకూడదు.

ట్యాంకులో నీళ్ళు దొరికాయి. పదిహేడున విశ్వకర్మ పూజకి మూడు విమానాలకూ పైపుతో స్నానం చేయించి దండలు వేశాం. ట్యాంకు మూత రబ్బరు అరిగి ఉంది. నీళ్ళు అక్కడి నుంచి దిగాయి.

అది ఎలాగూ తప్పేనట. మర్నాడు పొద్దున చూసుకోకపోవడం ఇంకా పెద్ద తప్పట. ప్రతి ఫ్లైట్‌కీ ముందు రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు అద్దంలాంటి ప్లాస్టిక్ కప్పులో పట్టి చూడాలి. నీళ్ళుంటే అడుగున గోళీకాయలా కూర్చుంటాయి. చూసే మెకానిక్ ధర్మయ్య గారు. సంతకం ఆయనదే.

సెప్టెంబర్ 22, ఉదయం 11

ధర్మయ్య గారిది రాజమండ్రి వైపు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు, ఇంకా ఎనిమిది నెలలుంది. పూజ రోజు ఆయన సెలవు. స్టేట్‌మెంట్ నేనే రాసుకున్నాను. ఆ పొద్దున కప్పు మేకుకి లేదండి, పది నిమిషాలు వెతికానండి, మేనేజరు గారేమో జల్దీ కరో జల్దీ కరో అని మీద పడిపోతున్నారండి, ఇంక టీ తాగే స్టీలు గ్లాసులో పట్టి చూశానండి, అన్నారు. స్టీలు గ్లాసులో ఏం కనబడుతుందయ్యా అన్నారు శేషగిరి గారు. ఏం కనబడలేదండి, అన్నారు ధర్మయ్య గారు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆగిపోయింది.

మేనేజర్ సాబ్ మాత్రం ఇదంతా బహానా, వట్టి సాకు అన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ కప్పు ఆ మేకు మీదే ఉందట, ఎవడెత్తుకుపోతాడట. కప్పు పోయిన మాట నిజమని తేలితే ధర్మయ్య గారు ఉన్నదాంతో ప్రయత్నించినవాడు. తేలకపోతే చూడకుండా సంతకం పెట్టినవాడు. లైసెన్స్ పోతుంది.

సెప్టెంబర్ 23

కప్పు కోసం హ్యాంగర్ షెడ్డు అంతా వెతికించారు. నేనూ వెతికాను. అందరికంటే శ్రద్ధగా. ప్రింటర్ వెనక కూడా.

సెప్టెంబర్ 24

ఆసుపత్రికి వెళ్ళాను. ఎలా ఉన్నావని తెలుగులో అడిగితే పెర్సిస్ హిందీలో, ధర్మయ్య అంకుల్ కీ గల్తీ నహీ హై భయ్యా, అంది. తప్పు ఆయనది కాదట. నేనడిగింది కాలు గురించి.

వాళ్ళమ్మ వసంతకుమారి ఆంటీ అక్కడే నర్సు. ధర్మయ్య అన్నయ్యగారు రోజూ గేటు దాకా వచ్చి వెళ్ళిపోతున్నారు బాబూ, మొహం చెల్లట్లేదు కాబోలు, లోపలికి రమ్మన్నానని చెప్పు, దేవుడు పిల్లని నాకు మిగిల్చాడు కదా, అంది.

చెప్పలేదు. ఆయన ఎదురుపడితే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించాను. ఫోన్ చేతిలో లేదు.

సెప్టెంబర్ 25

డ్రాయర్‌కి తాళం వేశానా? వేశాను. వెళ్ళి చూశాను. వేశాను.

సెప్టెంబర్ 26, మధ్యాహ్నం

కాగితాలివ్వడానికి వెళితే శేషగిరి గారు అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం పెట్టించారు. సోమవారం రిపోర్టు మీద సంతకమట. ముసలాయన పాపం మంచివాడేరా, కానీ మంచితనాన్ని ఏ కాలమ్‌లో రాయను అన్నారు.

తర్వాత మేనేజర్ సాబ్ తనకు చెప్పిన జోకొకటి వినిపించారు. ఈసారి విశ్వకర్మ పూజలో చరణామృతం, అదే మన తీర్థం, కూడా పెట్రోలు వాసన కొట్టిందట. పొట్ట పట్టుకుని నవ్వారు.

క్లబ్‌లో జోకులు నావి. ఇది నాది కాదు. రసం చొక్కా మీద పోసుకున్నాను.

సెప్టెంబర్ 29, సోమవారం, 9:05

శేషగిరి గారి బల్ల మీద పెట్టేశాను. కడగలేదు. అడుగున తులసాకు ఎండి అంటుకునే ఉంది.

పూజ రోజు పండిట్‌జీ తీర్థం పోసే చెంచా మర్చిపోయి వచ్చారు. మేకు మీది కప్పు తీసింది నేను.